మొలతాడుకు మూడు ముళ్ళు

మా ఆయన చింతపండు తూకం వేసే మనిషి. తమిళనాడు ధర్మపురిలో ఒక మండీలో నలభై ఏళ్ళు త్రాసు పక్కన నిలబడ్డాడు. మూట వచ్చి త్రాసు మీద కూర్చునేలోపే "అరవై రెండు" అనేవాడు. ముల్లు అటూ ఇటూ ఊగి, చివరికి ఆయన మాట విన్నట్టు అరవై రెండు దగ్గరే ఆగేది. నేనూ ఆ పనిలో మనిషినే. మా ఊరు సోగత్తూరులో ఇంటి ముందు కూర్చుని, చిన్న సుత్తితో కాయ కొట్టి గింజ తీసే ఆడవాళ్ళలో ఒకదాన్ని. నా వేళ్ళు ఇప్పటికీ నల్లగానే ఉంటాయి. సంతకం తప్ప నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. ఆమె కుప్పం పిల్ల, తెలుగు బడిలో చదువుకుంది. నా మాటకు తల దువ్వి జడ వేసి పెడుతుంది, పెట్టనీ. కానీ మనుషులు అన్న మాటలు మాత్రం అన్నట్టే రాయమన్నాను.

మండీకి వచ్చే చింతపండులో కొంత బరువు చెట్టుది, కొంత బరువు కుండది. బండి ఎక్కించే ముందు మూటల మీద నీళ్ళు చల్లుకొచ్చే మహానుభావులు ఉంటారు. అందుకని మా ఆయన ముల్లును నమ్మేవాడు కాదు. మూటలోకి బొటనవేలు దించి నొక్కి, తీసి, ఆ గుంట వైపు చూసేవాడు. ఎండిన సరుకు వేలికి ఎదురు తిరుగుతుంది. తడిసిన సరుకు వేలు పెట్టిన చోట గుంటను అట్లాగే పెట్టుకుని కూర్చుంటుంది. "తీసుకుపోయి ఎండబెట్టుకుని రాప్పో" అని మూటను తిరగ్గొట్టేవాడు. తూకం సరిపోయిన మూటకు మూతి ముడి తానే వేసేవాడు. ఆయన వేసిన ముడిని ఇంకొకరు విప్పకూడదు. అది మండీ ధర్మం.

మండీలో మూటలు లెక్కపెట్టేటప్పుడు మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు. ఆయన ఇంట్లో ఇడ్లీలు కూడా అట్లాగే లెక్కపెట్టేవాడు. పెళ్ళయిన కొత్తలో ఎవరో ఎగతాళికి "నీకు పెండ్లాలు ఎంతమందప్పా?" అని అడిగితే, అలవాటుకొద్దీ "లాభం" అన్నాడట. నేను మురిసిపోయాను. తర్వాత ఆలోచిస్తే, లాభం అన్నవాడు ఆపైన రెండు అంటాడేమో అని ఓ కన్ను వేసే ఉంచాను.

లోకంలో అందరి బరువూ తెలిసినవాడికి తన బరువు తెలియలేదు. ఆ తమాషానే నేను చెప్పబోయేది.

ఆయన నడుముకు నల్లతాడు మొలతాడు. ఒకరోజు స్నానం చేసి వస్తుంటే అది జారి తుంటి మీదికి దిగింది. పైకి లాక్కుని, పట్టి, చిన్న ముడి వేసి బిగించుకున్నాడు. "ఏమయ్యా, పెండ్లికొడుకు నడుము వచ్చిందే" అన్నాను. నెల తిరక్కుండా మళ్ళీ జారింది. ఇంకో ముడి. అప్పటికి నాలుగు ఇడ్లీలు తినేవాడు రెండుకు వచ్చాడు. "లాభం, రెండు. చాలు" అని చెయ్యి కడుక్కునేవాడు. పులుసు వాసన వస్తే మొహం తిప్పుకునేవాడు. వయసు మీద పడితే ఆకలి తగ్గుతుందిలే అనుకున్నాను. మూడో ముడి వేసుకున్న రోజు నా నోరు ఊరుకోలేదు.

"నాకు నువ్వు వేసినవి మూడు ముళ్ళు. నీకు నువ్వు వేసుకున్నవి మూడు. సరికి సరి పోయింది, పో" అన్నాను.

ఆయన నవ్వాడు. నవ్వితే దవడల కింద గుంటలు పడ్డాయి. ఆ గుంటలు కూడా నాకు అందంగానే కనబడ్డాయి. ముసలిదాని మోజు అట్లా ఉంది.

తర్వాత పది రోజులకు మండీ మెట్లు ఎక్కుతూ కూలబడ్డాడు. ఆసుపత్రిలో గొంతులోంచి గొట్టం వేసి చూశారు. కడుపులో గడ్డ ఉందన్నారు. క్యాన్సరు. డాక్టరు మంచివాడు, దాచకుండా చెప్పాడు. ముందు కొన్నిసార్లు మందు ఎక్కించి గడ్డను చిన్నది చేస్తారట, తర్వాత కోసి తీసేస్తారట. కానీ మనిషిలో సత్తువ మిగలాలి. ఇప్పటికే చాలా కండ పోయింది, ఇంకా కరిగిపోతే కత్తి పెట్టలేం, మందు కూడా తట్టుకోలేడు అన్నాడు. అంటే ఆయన ప్రాణం ఆయన ఒంటి మీది కండకు వేలాడుతోంది. అంతవరకు నాకు అర్థమైంది.

అదే ఆసుపత్రిలో రోగులు ఏం తినాలో చెప్పే ఒక అమ్మాయి ఉంది. మా కోడలి కంటే చిన్నది. మమ్మల్ని కూర్చోబెట్టి తమిళంలో చక్కగా చెప్పింది: గుడ్డు, పప్పు, వేరుశనగ, పెరుగు, చేప, ఏది పడితే అది, కొంచెం కొంచెంగా రోజుకు ఆరుసార్లు అని. నేను తల ఊపాను. ఊపానే కానీ మనసులో, ఇరవై రెండేళ్ళ పిల్ల, ఇంకా పొయ్యి దగ్గర నిలబడి వేలు కాల్చుకున్నదో లేదో, ఈమెకు రోగి పథ్యం ఏం తెలుసు అనుకున్నాను. పథ్యం తెలిసిన మనిషి మా ఇంట్లోనే దిగబోతోంది మరి.

ఆమె మా వదిన, మా ఆయనకు అక్క. మొదటిసారి మందు ఎక్కించి ఇంటికి వచ్చిన రోజే, దగ్గర్లోని ఇండూరు నుంచి రాగుల సంచితో, తన సొంత గ్లాసుతో దిగింది. వాళ్ళమ్మ పోయినప్పుడు ఈయన పాలు మరవని పిల్లాడట. ఈమే ఎత్తుకుని పెంచింది. పదేళ్ళప్పుడు ఆయనకు విషజ్వరం వస్తే ఇరవై రోజులు గంజి మీద నిలబెట్టి బతికించుకుంది. ఆ ఇరవై రోజులను మా వదిన ఇప్పటికీ దేవుడి పటంలాగా గోడకు తగిలించుకుని ఉంది. రోగం ఏదైనా మందు ఒక్కటే, పథ్యం. వచ్చీ రాగానే వంటింట్లోకి పోయి గుడ్ల బుట్ట ఎత్తి పక్కింట్లో ఇచ్చేసి వచ్చింది.

"గుడ్డు తింటే చీము పడుతుంది. వేరుశనగ పిత్తం. పెరుగు కఫం. మాంసం మాటే ఎత్తొద్దు. తినేదంతా గడ్డకే పోతుంది, అది బలుస్తుంది. దాన్ని ఎండగట్టాల. పొద్దున గంజి, మాపున గంజి. తెలిసిందా?"

"ఆసుపత్రిలో ఆ పాప వేరే మాదిరి చెప్పింది వదినా..."

"పాపకు పెండ్లయిందా?"

"లేదు."

"మరి?"

ఆ "మరి?"కి తల ఊపాను. ఎందుకంటే నేను అనుకున్నదీ అదే. కాబట్టి తప్పంతా మా వదిన నెత్తిన పెట్టలేను, సగం నాది. మూడు వారాలు పిడికెడు రాగిపిండి, చెంబెడు నీళ్ళు. ఆయన ఇచ్చింది తాగాడు. అక్క ముందు ఆయన ఎప్పుడూ పదేళ్ళవాడే. పడుకునే ఉండమంటే పడుకునే ఉన్నాడు.

రెండోసారి మందుకు పోవలసిన రోజు పొద్దున ఆయన చాలాసేపు గదిలో తలుపు వేసుకున్నాడు. బయటికి వచ్చినప్పుడు నడక తేడాగా ఉంది, బాతు నడిచినట్టు. "ఏమయ్యా, కాలు నొప్పా?" అంటే "సుమ్మా ఉండు, ఊరుకో" అని కసిరాడు. కసిరే ఓపిక వచ్చిందని నేను సంతోషపడ్డాను.

ఆసుపత్రిలో బరువు చూశారు. పోయినసారికీ ఇప్పటికీ ఒక గీత కూడా తగ్గలేదు. నేను మనసులో మా వదినకు దండం పెట్టుకున్నాను. కానీ ఆ తిండి సంగతి చెప్పే అమ్మాయి ఆయన చొక్కా భుజాల వైపే చూస్తోంది. చొక్కా కొక్కేనికి తగిలించినట్టు ఉంది. ఒక పిడి లాంటి యంత్రం ఇచ్చి గట్టిగా పిసకమంది. పిసికాడు. పట్టు పోయినసారి కంటే బాగా తగ్గింది.

"తాతా, బరువు నిలబడింది. చెయ్యి మాత్రం ఎందుకు పడిపోయింది?" అని అడిగింది.

"బస్సులో కమ్మీ పట్టుకొని వచ్చినాను కదా, అలసట" అన్నాడు.

"సరే. చేతులు కట్టుకుని ఈ కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చో తాతా."

లాభం అన్నాడు, లేచాడు. రెండు అన్నాడు, లేచాడు, కాళ్ళు వణికాయి. మూడోసారి లేచేటప్పుడు పంచె లోపల చారల నిక్కరు బొందు తెగింది. ధన్ అని నేల మీద ఏదో పడింది. ఇనుముది, గుండ్రంగా, నడుమన అంకె వేసి ఉంది. మండీలో వాడే రెండు కిలోల తూకపురాయి. అది దొర్లి దొర్లి ఆ అమ్మాయి చెప్పు దగ్గరకు పోయి ఆగింది. ఆయన పంచెను రెండు చేతులా పట్టుకుని పైకప్పు వైపు చూశాడు.

నలభై ఏళ్ళు ఊరందరి దొంగ బరువు పట్టినవాడు! నాకు నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆ అమ్మాయి కూడా నవ్వింది. నవ్వి, వంగి రాయి తీసి బల్ల మీద పెట్టి, అప్పుడు మొహం మార్చుకుంది.

"తాతా, ఎక్కించే మందును మనిషి బరువును బట్టి కొలుస్తారు. ఈ ఇనుముకు కూడా మందు ఎక్కించమంటావా?"

ఆయన తల వంచుకున్నాడు. "బరువు తగ్గితే కోసేది ఉండదని డాక్టరు చెప్పినాడు కదమ్మా. పంపించేస్తారని భయం. ఒక్క గ్రాము మోసం చేసింది లేదు నా జన్మలో" అన్నాడు.

"చేస్తే చేసినావు, రెండు కిలోలు చేసినావే" అన్నాను నేను. నా నోరు అట్లాంటిది. అని, ఆయన మొహం చూసి, పంచె కట్టు నేనే సరిచేశాను.

ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. "పాటీ, ఏం పెడుతున్నావు?" అంది. తమిళంలో అవ్వను అట్లా పిలుస్తారు. గంజి అన్నాను. ఎట్లా చేస్తావంది. చెప్పాను. మా వదిన పథ్యం సంగతి కూడా చెప్పాను. ఆమె కోప్పడలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని చెప్పింది:

"మనం పస్తు పెడితే గడ్డ పస్తు ఉండదు పాటీ. తాత కండ కరిగించుకుని బతుకుతుంది. రోగం ఎట్లాగూ కొంత తింటుంది, అది మన చేతిలో లేదు. మనం పెట్టకపోతే మిగతాది కూడా మనమే దానికి ఇచ్చినట్టు."

పెళ్ళి కాని పిల్ల చెప్పిన మాట నా చెంప మీద తగిలింది. అసలు బరువుకు కొలిచి ఆ రోజు మందు ఎక్కించారు. తూకపురాయిని కాగితంలో చుట్టి నా చేతికి ఇచ్చింది. "దీన్ని పారేయొద్దు, పని ఉంది" అంది.

ఇంటికి వచ్చాను కానీ మా వదినతో ఎదురు మాట్లాడే ధైర్యం నాకు లేదు. ఆమె ఆయనకు అమ్మలాంటిది, అమ్మను కాదనేది ఎట్లా? అందుకని మొగుడు దొంగయితే పెళ్ళామూ దొంగే అయింది. కోడలు కొంగు కింద పెట్టుకుని గుడ్లు తెచ్చేది. గంజి కాచి దించి, వేడి కాస్త తగ్గాక, గిలకొట్టిన గుడ్డు సన్నగా పోస్తూ కలిపేదాన్ని. వేయించిన వేరుశనగ పొడి రెండు గరిటెలు. వాసన పట్టకుండా వెల్లుల్లి, జీలకర్ర. రాగి రంగు మంచి రంగు, ఏం దాచినా కడుపులో పెట్టుకుంటుంది.

ఒక్కటే చిక్కు. రోగికి ఇచ్చేముందు మా వదిన రుచి చూస్తుంది.

"ఏమ్మే, ఈ పొద్దు గంజి కమ్మగా ఉండాది. ఏమేసినావు?"

"మీ ఇండూరు రాగులు వదినా. ఆ మట్టి మహిమ."

"అదీ చెప్పు. సోగత్తూరు రాగుల్లో ఏముండాది, రాళ్ళు తప్ప. నాకూ ఒక గ్లాసు పొయ్యి."

ఆ రోజు నుంచి ఆమెకూ రోజూ ఒక గ్లాసు. చూస్తుండగా మా వదిన బుగ్గలు నిండాయి. మోకాళ్ళ నొప్పి తగ్గిందంది. పథ్యం ఎంత మంచిదో చూడు, రోగం లేని మనిషికే ఇంత పని చేస్తోంది అని వీధిలో చెప్పుకొచ్చింది.

ఆయన మాత్రం నాలుగు గుటకలు తాగితే ఐదోది కక్కేవాడు. మందు ఎక్కించిన వారమంతా నోరు ఇనుము నాకినట్టు ఉందనేవాడు. "నాకినావేమో, రెండు కిలోలు దగ్గరే పెట్టుకుని తిరిగినావు కదా" అనేదాన్ని. నవ్వేవాడు. నవ్వినప్పుడే ఇంకో గుటక పోసేదాన్ని.

అట్లా రెండు వారాలు గడిచాక ఒకరోజు కోడలి స్కూటరు మీద మండీకి పోయి తోటివాళ్ళను చూసి వస్తానన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు కోడలు వీధి మొదటి నుంచే అరుస్తోంది, "అత్తా, మామ రెండు కిలోలు పెరిగినాడు! మండీ త్రాసు మీద కూర్చోబెట్టినారు!"

మా ఇంట్లో పండగైంది. మా వదిన పెరుమాళ్ళకు కర్పూరం వెలిగించింది. "చూసినావా నా పథ్యం!" అంది. నేను లోపల లోపల నా గుడ్డు, నా గుడ్డు అనుకుంటూ కర్పూరం కళ్ళకద్దుకున్నాను. ఆ రెండు కిలోలకు ఇద్దరు యజమానులం. పక్కింటామె వచ్చి చూసి, పాదాలు కూడా నిండుగా ఉన్నాయి, మనిషి తేరుకున్నాడు అని పోయింది.

ఆయన మాత్రం అరుగు మీద కూర్చుని చెప్పులు విప్పి కాళ్ళ వైపు చూసుకుంటున్నాడు. చెప్పు వార్లు పాదం మీద లోతుగా అచ్చు పడ్డాయి. పంచె కొంచెం పైకి లాగి, మోకాలి కింద ఎముక మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. తీసి చూశాడు. కొంచెం పక్కన మళ్ళీ నొక్కాడు. మూటలు చూసేటప్పుడు పెట్టే మొహమే పెట్టాడు. ఆ మొహం నేను చాలా రోజులుగా చూడలేదు.

"ఏమ్మే, ఇట్రా."

పోయాను.

"చూడు."

"ఏముండాది?"

"గుంట. పూడలేదు."

నేను చూశాను. రెండు గుంటలు, ఆయన వేలు ఎంత ఉందో అంత. అట్లాగే ఉన్నాయి.

"తడి సరుకు" అన్నాడు. "నలభై ఏండ్లు తిరగ్గొట్టినాను. ఈ పొద్దు నా కాలికే ఎవడో నీళ్ళు చల్లి త్రాసెక్కించినాడు."

నాకు ఏడుపు వచ్చింది. రెండు కిలోల ఇనుము పోయి రెండు కిలోల నీళ్ళు వచ్చాయి, అంతే కదా అనుకున్నాను. ఆయన ఏడవలేదు. తన పని తనకు దొరికిన మనిషిలాగా ఉన్నాడు. పడుకోబెట్టిన రోజు నుంచి మొదటిసారి గొంతు ఎత్తి పిలిచాడు.

"అక్కా, ఇట్రా. కూర్చో. నీ వేలియ్యి."

ఆమె వేలు పట్టుకుని తన కాలి మీద నొక్కించాడు.

"కాలు నీరు పట్టిందిరా. ఉప్పు తగ్గిస్తే పోతుంది" అంది మా వదిన.

"ఉప్పు కాదక్కా. లోపల సరుకు లేదు. సరుకు లేని మూటకు నీళ్ళు పోస్తే ముల్లు లేస్తుంది, మూట లేవదు."

"తింటే గడ్డ బలుస్తుంది నాయనా."

"తినకపోతే నేను చిక్కుతాను, అది చిక్కదు. అది నా కండ తిని బతుకుతా ఉండాదంట. నువ్వు దానికి నన్నే వడ్డిస్తా ఉండావక్కా."

ఆయన అక్కకు ఎదురు చెప్పడం నేను అదే మొదటిసారి చూడటం. మా వదిన కొంగుతో మొహం తుడుచుకుని, "ఆ పొద్దు గంజితోనే కదరా బతికించుకున్నాను" అంది, చిన్నపిల్లలాగా.

"ఆ పొద్దు బతికించినావు. కాదన్నానా? అది జ్వరం, ఇది వేరే" అన్నాడు. చెయ్యి వదల్లేదు.

"అట్లయితే ఏం పెట్టాలంట ఇప్పుడు?"

ఇదే సమయమని నేను గొంతు సవరించుకున్నాను. "గుడ్డు వదినా. నేను... గంజిలో కలిపి పెడతానే ఉండాను."

"ఎన్ని దినాలుగా?"

"పదిహేను దినాలు."

ఆమె లెక్క వేసుకుంది. "నేను తాగిన గంజిలోనా?"

నేను తల ఊపాను.

"శనివారాలు కూడానా? నా ఒక్కపొద్దు దినం?"

"శనివారం మీకు వేరేగా కాచి పోసినాను వదినా" అన్నాను.

ఇది రాసేటప్పుడు మా కోడలు కలం ఆపి అడిగింది, "అత్తా, నిజంగా వేరేగా పోసినావా?" అని. పోశాననే రాయమన్నాను. మా వదినకు తెలుగు చదవడం రాదు. పెరుమాళ్ళకు వచ్చు, ఆయన సంగతి నేను చూసుకుంటాను.

మా వదిన గ్లాసు సంచిలో పెట్టుకుని అప్పటికప్పుడే ఇండూరు బస్సెక్కింది. మేము మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి పోయి వాపు చూపించాం. నెత్తురు పరీక్ష చేశారు. వాపు కనబడగానే రావడం మంచిదైందని డాక్టరు అన్నాడు. మందు వేసి, తర్వాతి ఎక్కింపు రెండు వారాలు వాయిదా వేశాడు. "గుంట చూసి చెప్పింది ఎవరు?" అని అడిగితే నేను ఆయన వైపు చూపించాను. డాక్టరు ఆయన చెయ్యి తీసుకుని బొటనవేలు చూశాడు. మా ఆయన ఆ వేలిని ఆ రోజంతా కొంచెం ఎత్తి పట్టుకుని తిరిగాడు.

అప్పుడే ఆ అమ్మాయి తూకపురాయి పని చెప్పింది. ఊరికే తింటే చాలదు తాతా, పడుకుంటే కండ మంచానికి పోతుంది, ఆ దొంగ రాయినే పొద్దున పది, మాపున పది సార్లు ఎత్తు, కుర్చీలోంచి లేచి కూర్చో అంది.

ఇంటికి వచ్చేసరికి మా వదిన అరుగు మీద ఉంది. పక్కన కాళ్ళు కట్టిన రెండు నాటు కోళ్ళు, బుట్టెడు గుడ్లు, మూటెడు వేరుశనగ.

"ఒక్క గుడ్డా వేసేది? అంత కక్కుర్తేమే నీకు?" అంది నన్ను చూసి.

ఆ తర్వాత ఆయన బాధ చెప్పనలవి కాదు. మొదట పెట్టక చంపబోయింది, ఇప్పుడు పెట్టి చంపుతుందని మొర పెట్టుకున్నాడు. కోడి చారు, మెత్తగా నలిపిన పప్పు అన్నం, పెరుగు, గుడ్డు. గంటకోసారి గరిటెతో నిలబడేది. కొంచెం కొంచెంగా అని ఆ అమ్మాయి చెప్పిందని నేను అడ్డం పోతే, "ఇది కొంచెమే" అనేది, గిన్నె చూపించి. ఆయన అరుగు మీద కూర్చుని రాయి ఎత్తేవాడు. "లాభం" అని ఎత్తేవాడు. "రెండు." మొదటి వారం నాలుగుతో ఆగిపోయేది. దారిన పోయేవాళ్ళు, "ఏమప్పా, పహిల్వాను అవుతా ఉండావా?" అంటే, "అవును, మా అక్కతో కుస్తీ ఉండాది" అనేవాడు.

కొన్నాళ్ళు తినేవాడు, కొన్నాళ్ళు ఏం పెట్టినా లోపల నిలిచేది కాదు. పదికి వచ్చిన లెక్క మందు ఎక్కించిన వారం మళ్ళీ మూడుకు పడిపోయేది. అప్పుడు ముగ్గురమూ ఒకరి మొహం ఒకరు చూడకుండా తిరిగేవాళ్ళం.

మందులన్నీ అయ్యాక, కోయవచ్చో లేదో తేల్చే రోజు వచ్చింది. మా వదిన, కోడలు కూడా వెంట వచ్చారు. త్రాసు ఎక్కేముందు ఆయన జేబులు తిరగేసి చూపించాడు. గడియారం తీసి నాకిచ్చాడు. ముక్కుపొడి డబ్బా తీశాడు. చొక్కా పైకెత్తి మొలతాడు మీద చెయ్యి వేశాడు.

"దీని బరువు కూడా వద్దు."

"అది ఉండనీ తాతా" అంది ఆ అమ్మాయి, నవ్వు ఆపుకుంటూ.

అంకె వచ్చింది. కోడలు చదివింది. మండీ త్రాసు మీద వచ్చినదాని కంటే రెండు కిలోలు తక్కువ. ఇన్ని కోళ్ళు, ఇన్ని గుడ్లు, ఎక్కడికి పోయాయి? ఆయన నా వైపు చూడలేదు. కుర్చీలో కూర్చుని పంచె ఎత్తి, ఎముక మీద బొటనవేలు పెట్టి నొక్కి, తీశాడు. ఆ అమ్మాయి వంగి చూసింది. నేనూ వంగి చూశాను. గుంట లేదు.

"ఎండు సరుకు" అన్నాడు.

పిడి యంత్రం ఇచ్చింది. పిసికాడు. పెరిగింది. కుర్చీలోంచి లేవమంది. లాభం నుంచి ఐదు దాకా లేచాడు. ఆరోది అడగకుండానే లేచి నిలబడ్డాడు. "అది నీకు కొసరు పాపా" అన్నాడు. ఆ అమ్మాయి కాగితం తీసుకుని డాక్టరు గదిలోకి పోయింది. బయటికి వచ్చేటప్పుడు ఆమె మొహం చూసి మా వదిన అక్కడే, వరండాలో, అందరి ముందూ కూర్చుండిపోయి ఏడ్చింది.

ఆపరేషను చేశారు. కడుపు చాలావరకు తీసేశారు. ఆ తర్వాత పిల్లి తిన్నట్టు పదిసార్లు తిన్నాడు. కొన్ని నెలలకు మొలతాడు బిగుసుకుంటోందని, ఒక ముడి విప్పాడు. నన్ను పిలిచి, చూస్తుండగా విప్పాడు. మిగతా రెండూ విప్పేంత కండ మాత్రం మళ్ళీ రాలేదు. అయితేనేం, రెండు చింతకాలాలు మండీకి పోయాడు. మూటలు ఎత్తలేదు, కుర్చీ వేసుకుని కూర్చుని వేలు దించి చెప్పేవాడు. తూకం వేసే కొత్త మనిషి ఆ మాట ప్రకారం ముడి వేసేవాడు.

మూడో కాలానికి గడ్డ మళ్ళీ వచ్చింది. ఈసారి ఏం పెట్టినా ఒంటికి పట్టలేదు. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, ఇప్పుడు బలవంతం వద్దు పాటీ, అడిగింది ఇవ్వు, అడిగినంతే ఇవ్వు, తప్పు నీ వంటది కాదు అంది. ఆయన అడిగింది గంజి. "సుమ్మా రాగి గంజి. లోపల ఏమీ దాచొద్దు, ఇద్దరికీ చెప్తా ఉండాను" అన్నాడు. నేనూ మా వదినా పొయ్యి దగ్గర పక్కపక్కన నిలబడి కాచాం. ఒకరి చేతులు ఒకరం కనిపెట్టుకుంటూ కాచాం. నాలుగు చెంచాలు తాగాడు.

చితి కట్టెల మీదికి పోయేముందు మొలతాడు తీసి నాకిచ్చారు. పెట్టెలో పెట్టుకున్నాను. తూకపురాయి వంటింట్లో రుబ్బిన పిండి గిన్నె మీద మూతకు బరువుగా ఉంది. మొన్న మా వదిన వచ్చి పెట్టె తెరిపించి, తాడు చేతిలోకి తీసుకుని చూసింది.

"ఇంకా రెండు ముళ్ళు ఉండాయే. విప్పేద్దామా? వాడికి బిగుతుగా ఉంటుందేమో."

"చేయి తియ్యండి వదినా" అన్నాను. "తూకం వేసినవాడు వేసిన ముడి అది."